మగ్గం ఎదురుగోడకు గసాల పూలు

నాకు రంది ఎక్కువ. చిన్నప్పటికెల్లి గంతే. పాలు పొంగుతయేమోనని పొయ్యి కాడ నిలవడ్త, నిలవడంగనే తలుపు గడియ పెట్టిన్నా లేదా అని యాదికొస్తది. "నీ రంది తూకమేసి అమ్మితే గద్వాల బజార్ల మనమే పెద్ద సావుకార్లం" అంటడు మా ఆయన. కని ఆ ఎండకాలం నన్ను పట్టుకున్నది ఉత్త రంది కాదు. మా ఆయన కండ్లు సక్కగ కనవడ్తలేవని నాకు అనుమానం మొదలైంది. అనుమానమే, రుజువు లేదు. అడిగితే కస్సుమంటడు.

ఆయన చీరెలు నేసేటోడు. కండ్లు పోతే ఏముంటదో నేను వేరే చెప్పే పని లేదు.

మా చీరె ఒక్కరితోని అయ్యేది కాదు. నడుమంత నూలు, రెండు అంచులు పట్టు. పోగును అటిటు మోసే నాడె గూడ నూలుకు వేరు, పట్టుకు వేరు. ఆ రెండు పోగులు కలిసే కాడ ఒకదాన్నొకటి గట్టిగ పట్టుకోవాలె, లేకుంటే సందు పడ్తది, నాలుగు ఉతుకులకు అంచు ఊడొస్తది. అందుకే మగ్గం కాడ ఇద్దరం కూసుంటం. నడుమ జాగ ఆయనది, కుడిపక్క నాది. ఎడమ అంచు ఆయన చూసుకుంటడు, కుడి అంచు నేను చూసుకుంట. పెండ్లయినకాడికెల్లి గిట్లనే. మా ఇద్దరికి మాటలు తక్కువ గని చేతులకు మస్తు దోస్తానా. ఆయన నాడె ఇడిసిపెట్టేలోపే నా చెయ్యి అక్కడ ఉంటది.

ఆ ఏడు ఎండలు ముదురుతున్నప్పుడు ఒక చీరె ఎనుకకొచ్చింది. మాకు పట్టు, జరి ఇచ్చి నేయించుకునే సావుకారు ఇద్దర్నీ దుకాణం కాడికి పిలిచిండు. చీరెను ఎల్తురుకు అడ్డంపట్టి చూపించిండు. ఒక దిక్కు అంచు పొడుగూత సందులే. పిల్లలు చిల్లులు పొడిసినట్టు ఎల్తురు అండ్లకెల్లి కనవడ్తున్నది.

"ఎవల దిక్కు ఇది?" అన్నడు సావుకారు.

చీరె మగ్గం దిగి మడత పడ్డంక ఏది ఎడమో ఏది కుడో బయటోళ్లకు తెల్వదు. నేసినోళ్లకు తెలుస్తది. మా ఆయన కిందికి చూస్తుండు. నా నోట్లెకెల్లి "నాదే" అని వచ్చింది.

"ఆడమనిషి సోయి ఫోన్ల ఉంటే గట్లనే అయితది" అన్నడు సావుకారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నోరు మూసుకున్న. నాది అంటే సోయి లేదంటరు, ఒకరోజు అనుకొని మర్సిపోతరు. ఆయనది అంటే కండ్లు పోయినయంటరు. ఆ మాట ఒక్కసారి మా గల్లీల పడ్తే పెద్దంచు చీరె ఇగ ఎవలిస్తరు?

ఇంటికి నడుసుకుంట వచ్చినం. ఆయన నాకంటే రెండడుగులు ముంగట నడిసిండు. నాకు కోపమే వచ్చింది గని అంతకంటే ఎక్కువ బుగులైంది. అది తన దిక్కని ఆయనకు కనవడలేదా? కనవడ్డంక ఊకున్నడా? రెండిట్ల ఏది నిజమైనా నాకు అన్నం దిగే సంగతి కాదు.

గీ పరేషాన్లనే నేను పూల పటాలు కొన్న. వింటే నవ్వుతరు. ఇల్లు కాలుతుంటే ముగ్గేసినట్టు అంటరు. అననీ.

అయిందేందంటే, వనపర్తిల ఒక టీచరమ్మకు, సావుకారుది కాక మేము సొంతంగ నేసిన చీరె ఇయ్యనీకి బస్సెక్కి పోయిన. ఫోన్ల చూసి కొన్నది, చేతుల పెట్టి రావాలె. ఆమె నన్ను సోఫాల కూసోబెట్టి చాయకు లోపటికి పోయింది. ఎదురుగోడకు ఇంత పెద్ద పటం ఉన్నది. ఎర్రపూల చేను. గాలికి పూలన్నీ ఒక దిక్కు వంగి, ఎనుక చెట్లు, పైన మబ్బులు. నేను లేచి దగ్గరికి పోయిన. మాకు ఏది చూసినా దగ్గరికి పోయి చూసుడే అలవాటు. పోతే పూలు లేవు. ఎర్ర రంగు ముద్దలు ఉన్నయ్, అంతే. రేకు లేదు, కాడ లేదు. ఎనుకకు జరిగిన, మళ్ల పూలొచ్చినయ్. ముంగటికి పోయిన, పూలు పోయినయ్. టీచరమ్మ చాయ పట్టుకొని వచ్చి నా తమాషా చూసి నవ్వుకుంట నిలవడ్డదని నాకు తర్వాత తెలిసింది.

ఎనుకట ఫారిన్ల కొందరు గిట్ల గీసిండ్రంట. ఎండ మారకముందే ఎట్ల కనవడ్తే గట్ల రంగు పెట్టిండ్రంట. ఇది అసలుది కాదు, దాన్ని చూసి ఆక్రిలిక్ రంగులతోని గీసిన నకలని టీచరమ్మే చెప్పింది. ఎవలు గీసిండ్రమ్మా అంటే, "మీ గద్వాలనే. ఫ్రేముల దుకాణం చాచా లేడూ, ఆయన కోడలు" అన్నది. ఇంటి పక్కోళ్ల సంగతి వనపర్తికి పోయి తెలుసుకున్న మనిషిని నేను.

ఆ పటం నా పాణం తీసింది. మా బతుకంత పూలే గద. అంచుల పూలు, కొంగుల పూలు. ఒక్క పోగు జరిగితే పువ్వు చెడిపోయిందంటరు, చీరె ఎనుకకొస్తది. టీచరమ్మ గోడ మీది పూలల్ల మాత్రం తప్పు ఎతకనీకే వీలు లేదు. ఇది ఎవల దిక్కు అని అడిగేటోడు లేడు. నాకు ఈర్ష్య అయింది. మా ఇంట్ల గూడ గసోంటిది ఒకటి ఉండాలె అనుకున్న. దాన్ని చూసుకుంటనన్న జర నిమ్మళంగ ఊపిరి పీల్చుకుంట.

బస్సు దిగి సీదా చాచా దుకాణంకే పోయిన. చాచా ముసలాయన, మా పెండ్లి ఫోటోకు ఫ్రేము కట్టింది గూడ ఆయనే. నేను పూల పటాలంటే ముందుగాల్ల మెరిసే కాయిదం బొమ్మలు తీసిండు. ఇవి కాదు చాచా, మీ కోడలు గీసినయ్ అన్న. ఆయన ముఖం ఇచ్చుకున్నది. లోపటికెల్లి ఒక్కొక్కటి తెచ్చి గోడకు ఆనించిండు. కలువల చెరువు, గాజు గిలాసల గులాబీలు, తోటల నీలంపూలు. వనపర్తిల చూసిన ఎర్రచేను గూడ ఉన్నది.

"ఇవేం పూలు చాచా?"

"గసగసాల పూలు బేటీ."

"గసాలకు పూలుంటయా? కూరల నూరి ఏసుడే గని ఎన్నడు చూడలే."

"నేను మాత్రం చూసిన్నా? కోడలు చెప్పింది, నేను నీకు చెప్తున్న" అన్నడు. అట్లనే ఒక చామంతుల గుత్తి పటం తీసిండు. దాని పేరడిగే పని లేకుండె.

నకలు కొంటున్న అని జర గుచ్చుకున్నది. మా చీరెకు మిషిన్ మగ్గాలోళ్లు నకలు తీస్తే మేము శాపనార్థాలు పెడ్తం. ఇగ నేనేమో ఎవలో ఫారినాయన పూలకు నకలు మోసుకపోతున్న. ఆ మాటే చాచాతోని అంటే, "అసలుదని చెప్పి అమ్మితే దొంగతనం బేటీ, నకలని చెప్పి అమ్మితే మెహనత్, చేతి కష్టం" అన్నడు. నాకు అది సరిపోయింది. సరిపోవాలనే ఉన్నది గద నాకు.

కొనే ముందర మా అలవాటు చొప్పున పటాన్ని తిప్పి ఎనుక చూసిన. చీరె మంచిదా కాదా అనేది ఎనుకదిక్కు చెప్తది. ముంగట ఎవలైనా మెరిపిస్తరు. తిప్పితే ఉత్త తెల్లబట్ట, నాలుగు కట్టెలు. "ఎనుక ఏం లేదేంది చాచా" అంటే, ఆయన గూడ వంగి ఎనుక చూసిండు. తర్వాత కొంగు కొస నీళ్లల్ల ముంచి పటం మూలకు గట్టిగ రుద్దిన. అద్దకం రంగు పక్కానా కాదా అని మేము గట్లనే చూస్తం. "అరె అరె" అనుకుంట చాచా కుర్చీలకెల్లి లేచిండు. రంగు కొంచెం గూడ దిగలే. ఆరినంక నీళ్లకు భయపడదంట ఆక్రిలిక్ రంగు. లోపటికెల్లి పరదా ఎనుక కోడలు నవ్వుడు ఇనవడ్డది.

గసాల చేను, చామంతుల గుత్తి రెండూ తీసుకున్న. పాత దుప్పట్ల కట్టిచ్చుకుంట చాచా చెప్పిండు, "జర దూరంకెల్లి చూడాలె ఇవి." ఊ అన్న. నా ధ్యాసంత మా ఆయన ఏమంటడో అన్న దాని మీదున్నది. ఆయన దేవుని మెడల దండ చూసినా గుచ్చినోళ్లు ఓ పువ్వు తప్పిండ్రంటడు. గిసోంటి మనిషికి రేకుల్లేని పూలు చూపించాలె. ఆటోల పటాలు ఒళ్లె పెట్టుకొని, ఆయన గిట్లంటే నేను గట్లంట అని జవాబులు సదురుకుంట వచ్చిన.

ఇంటికొచ్చేసరికి ఆయన లేడు, నూలు చుట్టిన కండెలు తేనీకి పోయిండు. ఆయన అక్క, నాకు వదినె, అమరచింతకెల్లి వచ్చి కూసున్నది. మా ఇంట్ల ఖాళీ ఉన్న గోడ మగ్గానికి ఎదురుంగ ఉన్నది ఒక్కటే. ఇద్దరం కల్సి రెండు మేకులు కొట్టి తగిలించినం. తగిలించి ఎనుకకు జరుగుదమంటే మగ్గం తగిలింది.

అప్పుడు తెలిసింది నా తెలివి. అర్రంత మగ్గమే. గోడకు మగ్గానికి నడుమ ఒక మనిషి పక్కవాటుగ పోయేంత సందు. దూరంకెల్లి చూడాలంటే దూరం మా ఇంట్ల ఏడున్నది? ఎక్కడ నిలవడ్డా రంగు ముద్దలే ముఖానికి కొడ్తున్నయ్.

"గిదేంది మరదలా, ఎవలన్న గోడకు టమాటలు కొట్టిండ్రా?" అన్నది వదినె. నాకు ఏడుపొక్కటే తక్కువ. తీసి మళ్ల దుప్పట్ల కడ్దమని చెయ్యి పెట్టేసరికి ఆయన రానే వచ్చిండు.

కండెల సంచి కింద పెట్టి, మగ్గం పక్కకెల్లి జరుగుకుంట వచ్చి సరిగ్గ పటాల ముంగట నిలవడ్డడు. చెయ్యి చాపితే అందేంత దగ్గర. ఇగ తిట్లు షురూ అనుకున్న.

"మంచిగున్నయ్" అన్నడు. "ఏం పూలివి, ఎర్రగ నిండ పూసినయ్. గాలికి అటు వంగినయ్ సూడు అక్కా. చామంతులైతే చామంతులే, తెంపుకోబుద్ధయితున్నయ్."

వదినె పకపక నవ్వింది. ఎకసెక్కాలాడ్తుండనుకున్నది. మా ఆయనకు ఎకసెక్కాలు రావు. ఆయన ముఖం చూసిన. నిజంగనే సంబురంగ చూస్తుండు. నేను ఆయన పక్కకు పోయి అక్కడ్నే నిలవడి చూసిన, ముద్దలే. కండ్లు సగం మూసి, అంతా మసక అయ్యేటట్టు చూసిన. అప్పుడు పూలొచ్చినయ్. గాలికి వంగినయ్ గూడ. మా ఆయన కండ్లు బార్ల తెరిసి చూస్తే కనవడేది నాకు కండ్లు మూస్తే కనవడ్తున్నది.

ఇన్ని రోజులు రుజువు లేదు రుజువు లేదని దిలాసా చెప్పుకున్న. రుజువును నేనే ఆటోల ఒళ్లె పెట్టుకొని తెచ్చుకున్న.

వదినె చాయ తాగి పొద్దుగూకకముందు బస్సుకు పోయింది. ఆమె పోయేదాంక నేను గిన్నెలు కడిగినయే మళ్ల కడిగిన. చెప్పాలె. చెప్తే ఏమయితది? చెప్పకుంటే ఏమయితది? ఆఖరికి ఆయన పక్కకు పోయి నిలవడ్డ.

"నాకు గిక్కడికెల్లి పూలు కనవడ్తలేవు" అన్న. "వదినెకు గూడ కనవడలే. ముద్దలే ఉన్నయ్."

ఆయన కస్సుమంటడనుకున్న. అనలే. అరచెయ్యి పటం మీద పెట్టిండు. ఎండిన రంగు మీద ఏళ్లు మెల్లగ జరుపుకుంట పోయిండు. ఆయన ఏళ్లు అబద్ధం ఆడవు, పట్టుల ముడి ఏడున్నా దొరికించుకుంటయ్. ఎక్కడా రేకు తగలలేనట్టుంది. చెయ్యి తీసి, మగ్గం కింద కాళ్లు పెట్టే గుంట అంచు మీద కూసున్నడు.

"చలికాలంకెల్లి గిట్లనే ఉన్నది" అన్నడు.

"మరి చెప్పొద్దా?"

"చెప్తే నీకు రంది." "ఆ చీరె సందులు నా దిక్కువే. నాకెర్కనే. నువ్వు నాదే అనంగనే నాకు నోరు రాలే" అన్నడు.

ఇగ నాకు ఆగలే. సావుకారు నన్ను సోయిలేని దాన్ని చేస్తే నోరు రాలేదా అన్న. కస్సుమననీకి వచ్చింది గద నోరు అన్న. ఇంకా శానా అన్న, రాయనీకి మంచిగుండదు. నేను తిట్టి తిట్టి ఏడ్సిన. ఏడ్సినంక పటాలు దించబోయిన. అవి ఎదురుంగ ఉంటే నాకు బుగులని.

"ఉండనీ" అన్నడు. "నాకన్న కనవడ్తున్నయ్ గద."

పాలమూరుల కండ్ల దవాఖానకు పోయినం. కండ్లల్ల మందు చుక్కలేసి కూసోబెట్టిండ్రు. ఆయన కండ్లు మూసుకొని నా చెయ్యి పట్టుకున్నడు. పెండ్లయినకాడికెల్లి నలుగురిల నా చెయ్యి పట్టుకోని మనిషి. నాకు దాంతోనే ఎక్కువ గాబరా అయింది. డాక్టరమ్మ మంచిగనే చెప్పింది. ఒక కంటికి శుక్లం, ఆపరేషన్ చేస్తే పోతదంట. రెండో కంటికి లోపటి పొర ఖరాబైంది, షుగర్ ఎన్నడన్న చూపిచ్చుకున్నవా అన్నది. ఆయన లేదన్నడు. సూదులేసి చూద్దాం, ఎంత చూపొస్తదో ఇప్పుడే చెప్పలేనన్నది. సన్నపోగుల పని చేస్తడమ్మా అన్న నేను. ఆమె చీటి రాసింది.

గద్వాలల బస్సు దిగి ఆటో ఎక్కినం. ఇంటికి అని నేనంటే ఆయన సావుకారు దుకాణం కాడికి అన్నడు. ఇప్పుడొద్దు, ఆపరేషన్ అయినంక చూద్దమని గుసగుస పెట్టిన. ఇనలే. దుకాణంల మా గల్లీ వాళ్లు గూడ ఉన్నరు. మెట్టెక్కుకుంటనే చెప్పిండు.

"ఆ ఎనుకకొచ్చిన చీరె సందులు నా అంచుల పడ్డయ్. నాకు కండ్లు సక్కగ లేవు. ఆమె దిక్కు ఎన్నడు పోగు తప్పలే."

సావుకారు పద్దు మూసి, నా దిక్కు మళ్లి "నీళ్లు తాగుతవా అమ్మా" అన్నడు. తర్వాత మా ఆయనతోని, ఆపరేషన్ అయ్యేదాంక పెద్దంచు ఇయ్యలేనన్నడు. మగ్గం మీదున్నది మంచిగ దింపు, తర్వాత చూద్దమన్నడు. కసురుకోలే. కసురుకుంటే నాకు జర సులువైతుండె.

మగ్గం మీదున్నది సగం చీరె. ఎడమ అంచుల అక్కడక్కడ సందులు పడ్తున్నయని నాకు ముందే తెల్సు. తెల్లారి పనికి లేసిన, నా పక్కజాగ దిక్కు పోయిన. పోతే నా జాగల ఆయన కూసొని ఉన్నడు. కుడి నాడె ఆయన చేతుల ఉన్నది.

"జరుగు, అది నాది" అన్న.

"నడుమ నువ్వు కూసో" అన్నడు. "నడుమ కూసున్నోళ్లకే రెండంచులు కనవడ్తయ్. ఒక్క అంచైతే నేను చేతి అలవాటుతోని కొట్టుకొస్త. పోగు పట్టిందా లేదా నువ్వు చూసి చెప్పు."

మా నాయన ఇంట్ల నడుమ కూసొని నేసినదాన్నే నేను. చేతగాక కాదు. అయినా కాళ్లు రాలే. ఈ ఇంట్ల ఆ జాగల మా మామ కూసున్నడు, తర్వాత ఈయన కూసున్నడు. ఆడమనిషి కూసున్నది లేదు. ఈయన ఆ జాగ ఇడిసిపెడ్తడని నేను ఎన్నడు అనుకోలే. ఆయన నాడె పట్టుకొని ముంగటికి చూస్తుండు. నేను గుంటల కాళ్లు పెట్టి కూసున్న. కింద కాలితోని తొక్కే పలక ఆయన కాళ్లకు అరిగి అరిగి నున్నగ ఉన్నది.

"ఇడువనా?" అన్నడు.

ఎడమ అంచు చూసిన, కుడి అంచు చూసిన. కండ్లల్ల తడికి పోగులన్నీ ఒకదాంట్లకొకటి కలిసిపోయినయ్.

"జర ఆగు" అన్న. "నాకు కనవడ్తలేదు."